సంక దిగిన పిల్ల

పటం దండెం మీద వేలాడుతోంది.

రెండు మూలలకూ బట్టల క్లిప్పులు పెట్టి సుమనే ఆరేసింది. నీళ్లు కారడం ఆగింది గాని, నడుమ పడిన తునికాకు మరక ఇంకా పాకుతూనే ఉంది. ఆ మరక కింద, పిల్లల ఆటస్థలంగా సుమన గీసిన బండ్లడ్డ మొత్తం మునిగిపోయింది. ఊయల లేదు. ఇసుక గుంట లేదు. తల్లులు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ పిల్లల్ని చూసుకునే అరుగు లేదు. అంచుల వెంట వాడ పిల్లలు రంగులో ముంచి అద్దిన అరచేతుల ముద్రలు ఒకదాంట్లోకి ఒకటి కారిపోయాయి. కింది మూల ఒక్కటే పొడిగా మిగిలింది.

సుమన అరవడం లేదు. అక్క జ్యోతిరాణికి అదే ఎక్కువ ఇబ్బందిగా ఉంది.

“అక్కా, ఆకు దీంట్ల ఎందుకు సుట్టినవ్?” మూడోసారి అడిగింది సుమన.

“జెప్పిన గద. పాత కాయితం అనుకున్న.”

“పాత కాయితం గొట్టంల ఉంటదా? మూత తీసి, బయటికి గుంజి, మడతలు వెట్టి సుట్టినవ్. గంత పని చేసేటప్పుడు ఒక్కసారన్న దాని మీద కండ్లు పడలేదా?”

“ఏందే, ఠాణల అడిగినట్టు అడుగుతున్నవ్? నిన్న మునిమాపుల కరెంటు లేదు. ఆకు నానింది, సుట్టి పెట్టాలె, చేతికి దొరికింది తీస్కున్న. నీ లెక్క నేను ఇంజనీర్‌ను గాదు, కాయితానికి కాయితానికి ఫరక్ ఎరుకుండనీకె.”

పొయ్యి దగ్గర రాములవ్వ రొట్టె తిప్పడం మరిచిపోయింది. మాడిన వాసన వచ్చింది.

“పోనియ్యిండ్రి బిడ్డా,” అంది ఆ తల్లి ఇద్దరినీ చూస్తూ. “మేడం వచ్చేది మూడు గొట్టంగ గదా. అందాక ఇంకోటి గియ్యరాదే సుమనా?”

“మూడు నెల్లు గీసిన అవ్వా దాన్ని. ఇంటింటికి పోయి, ఒక్కొక్క పిల్లను అడిగి గీసిన.” సుమన పటం అంచు సవరించింది. “ఇయ్యాల సూపియ్యకుంటె శ్యామలమ్మ మేడం ట్రస్టు ఇంకో ఊరు సూస్కుంటది. నందిపేట్ వోల్లు అప్పుడే అడుగుతున్నరు. మన బండ్లడ్డ లారీలు నిలుపుకునేటందుకు పోతది. పోయిన వారమే టేపులు వెట్టి కొల్సుకొని పోయిండ్రు.”

ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు బండ్లు కాంటా తూకం కోసం వరుస కట్టిన జాగా అది. ఇప్పుడు తుమ్మపొదలు, పగిలిన సీసాలు. అయినా ఈ బీడీల వాడలో పిల్లలకు కాలు చాపే చోటు అదొక్కటే.

గడపలో కూర్చున్న మణి అంతా వింటోంది. తొమ్మిదేళ్ల గంగామణి, జ్యోతిరాణి ఒక్కగానొక్క కూతురు. పుట్టినప్పుడు ఏడవలేదు. కాళ్లు బలపడలేదు. ఇంట్లో గచ్చు మీద కూర్చునే జరుగుతుంది, గడప దాటితే తల్లి సంకే.

“చిన్నమ్మా,” అంది మణి. “బాధవడకు. మల్ల గీద్దాం. రంగులు నేనేస్త.”

జ్యోతిరాణి చేతిలో కత్తెర ఆగింది.

చిన్నమ్మా. మాటలు పడుతున్నది అమ్మ కూడా. అమ్మ వంక చూడనైనా లేదు పిల్ల.

సుమన ఇంజనీరింగ్ ముగించి ఇల్లు చేరిన మూడు నెలల నుంచీ ఇదే వరస. కంచం ముందు పెడితే ‘చిన్నమ్మ రానీ’. తల దువ్వబోతే ‘చిన్నమ్మ రెండు జడలేస్తది’. మొన్న జ్వరం వచ్చినప్పుడు కలవరింతలో పలికింది కూడా ఆ పేరే. తొమ్మిదేళ్లు మోసింది మాత్రం జ్యోతిరాణి ఎడమ సంక. బీడీల కార్ఖానాకు ఆ సంక మీదే, నిజామాబాద్ దవాఖానకు ఆ సంక మీదే. భర్త భానుప్రసాద్ వరికోత మిషన్ మీద ఊళ్లు పట్టుకు తిరుగుతాడు, ఇంట ఉండేది తక్కువ. మోసి మోసి ఆమె నడుము ఎడమకు ఒరిగింది. పిల్ల లేకున్నా ఒరిగే నడుస్తుందని వాడలో నవ్వుతారు.

“రంగులు తర్వాత. ముందు చాయ తాగు,” అంది జ్యోతిరాణి.

“చిన్నమ్మతోని తాగుత.”

“చిన్నమ్మ, చిన్నమ్మ! నిన్ను చిన్నమ్మనే కన్నదా?”

“అక్కా, నా మీది కోపం పిల్ల మీద ఎందుకు?”

“నా పిల్ల, నా ఇష్టం. నీకు గావాలంటె పెండ్లి చేస్కొని కను.”

“జ్యోతీ!” రాములవ్వ పొయ్యి దగ్గరి నుంచి లేచింది.

“అబద్ధమా అవ్వా? ఎనిమిదిల నన్ను బడి బంద్ చేపిస్తిరి. నా ఒళ్లె చాట వెడితిరి, దాని చేతుల పుస్తకం వెడితిరి. ఒక్క మాటన్న అన్ననా? ఇప్పుడు పుస్తకం వట్టినామె వచ్చి నా బిడ్డకేం గావాల్నో నాకు జెప్తది.”

సుమన నెమ్మదిగా అంది.

“నీ బీడీల మీదనే సదివినక్కా. ఏ దినం మర్వలే. గా పటంల అన్నిటికన్న ముందు గీసింది తల్లులు కూసునే అరుగు. గాలికి తంబాకు లేవకుంట గోడ చాటుకు వెట్టిన.”

జ్యోతిరాణికి ఒళ్లు ఇంకా మండింది. తిట్టినా బాగుండేది. ఇట్లా మాట్లాడే మనిషితో ఎట్లా పోట్లాడటం?

సుమన లేచి గూట్లో చెయ్యి పెట్టింది. “అవ్వా, ముగ్గుపిండి ఎంతున్నది?”

“డబ్బా నిండ ఉన్నది. ఎందుకే?”

“కాయితం పోతె నేల ఉన్నది గద.” డబ్బా చంకన పెట్టుకుంది. “మణీ, మూడింటికి అమ్మతోని రా.”

“పటం నేను పట్కొస్త చిన్నమ్మా. గట్లనే పట్కొస్త. మేడం సూడనీ.”

“సరే.”

గేటు చప్పుడైంది. రాములవ్వ మాడిన రొట్టెను పెద్ద బిడ్డ వంక చూడకుండానే ఆమె పళ్లెంలో వేసింది.

* * *

పది గంటలకు గోడ అవతలి అక్తరున్నీసా చాట పట్టుకుని వచ్చింది. ఇద్దరూ ఒకే అరుగు మీద బీడీలు చుట్టబట్టి పదిహేనేళ్లు.

జ్యోతిరాణి కొలత రేకు ముక్కను ఆకు మీద పెట్టి కత్తెర తిప్పింది. ఆకు పుటుక్కున పగిలింది. ఇంకోటి తీసింది. అదీ పగిలింది.

అక్తరున్నీసా ఒక ఆకు తీసుకుని వేళ్ల మధ్య వంచి చూసింది. దండెం మీది పటాన్ని చూసింది. దండెం చివర మడిచి వేసిన గోనె ముక్కను చూసింది.

“గోనె మంచిగనే ఉన్నది గద,” అంది. “పొడిగున్నది.”

“ఆ.”

“రోజు దాంట్లనే సుడ్తవ్.”

“నిన్న కనవడలే ఖాలా.”

“దండెం మీదిది కనవడలే. గొట్టంల దాసింది కనవడ్డది. కమాల్ కండ్లు బేటా నీయి.” ముసలామె నవ్వలేదు. “కాయితం నీళ్లు గుంజుకుంటది, తెల్లారెసరికి ఆకు పగుల్తది. నిన్న మొన్న చాట వట్టిన పోరికి గూడ ఎరుకే. నువ్వు కాయితంల సుట్టినవ్.”

జ్యోతిరాణి కత్తెర కింద పెట్టింది. “మెల్లగ. లోపల మణి ఉన్నది.”

“అంటె నిజమే.” అక్తరున్నీసా చాట పక్కకు జరిపింది. “జలన్ వచ్చిందా, కడుపుమంట?”

“నా బిడ్డ మీద నాకు జలన్ ఏంది?”

“బిడ్డ మీద అన్ననా నేను?”

జ్యోతిరాణి పగిలిన ఆకు ముక్కలు ఏరి పక్కన పడేసింది.

“గా పటంల ఏమున్నదో సూసినవా ఖాలా?” అంది జ్యోతిరాణి. “పాత కాంటా గద్దె మీదికి మణి తనంతల తాను ఎక్కుతదంట. పైన కూసొని అందరు పిల్లలతోని ఆడుతదంట. ఆ పిల్లను గూడ గీసింది, చిన్న బొమ్మ. మరి నేనెక్కడున్ననో ఎరుకేనా? దూరంగ. అరుగు మీద. చాట వెట్టుకొని.”

“మరి సచ్చేదాక మోస్తవా? మొన్న నడుం వట్టుకొని మూడు దినాలు లేవకపోతివి.”

“మోస్త.”

“మోసేటిదానివి నువ్వు సై అంటున్నవ్. మోపిచ్చుకునేటిదాన్ని అడిగినవా?”

జ్యోతిరాణి మళ్లీ కత్తెర తీసుకుంది. ఖాలాకు కూడా చెప్పని సంగతి ఇంకొకటి ఆమె కడుపులో ఉంది.

గద్దె మీదికి ఎక్కే ఏటవాలు దారికి సుమన కుడివైపు మాత్రమే పట్టుకునే కమ్మీ గీసింది. ఎడమవైపు ఖాళీ. మణి ఎడమచేత్తో రాస్తుంది, తింటుంది. అది వాటం మాత్రమే అనుకుంది సుమన. కుడిచెయ్యి చూడటానికి బాగానే ఉంటుంది, గ్లాసు కూడా పట్టుకుంటుంది. ఒంటి బరువు వేస్తే మాత్రం మణికట్టు లోపలికి మడతపడి జారిపోతుంది. ఆ బరువు తొమ్మిదేళ్లు మోసిన మనిషికి తప్ప ఇంకొకరికి ఆ సంగతి తెలియదు.

నెల కిందటే ఆ తప్పును చూసింది జ్యోతిరాణి. చెప్పలేదు. అన్నీ తెలిసిన చెల్లెలికి ఒక్కటన్నా తెలియకుండా ఉండనీ అనుకుంది. పెట్టె అడుగున దాచిన కొత్త చీరలా ఆ తప్పును అప్పుడప్పుడూ మనసులో తీసి చూసుకునేది. నిన్న సాయంత్రం మణి, సుమన తలలు ఆనించుకుని ఆ దారికి పసుపు రంగు వేస్తూ నవ్వుకున్నారు. ఆ నవ్వు విన్నాక దాచుకున్నది చాలలేదు.

* * *

మూడింటికి బండ్లడ్డ తెల్లబడింది.

తుమ్మపొదలు నరికిన మేర, నేలంతా ముగ్గు గీతలు. కాగితం మీద జానెడున్న ఊయల జాగా ఇక్కడ నిలువెత్తు పొడవుంది. అక్తరున్నీసా మనవలు అల్మాస్, హస్సాన్ అప్పుడే ఇసుక గుంట గీతలోకి దూకి, ఇంకా పుట్టని ఇసుకను ఒకరి మీద ఒకరు పోసుకుంటున్నారు. సుమన చేతులు మోచేతుల దాకా పిండి.

నిజామాబాద్ నుంచి వచ్చిన శ్యామలమ్మ చెప్పులు ముగ్గుకు తగలకుండా జాగ్రత్తగా నడిచింది. “కాగితం మీద చాలా చూశానమ్మా. ఇట్లా నడిచి చూడటం ఇదే మొదటిసారి,” అంది.

అప్పుడే జ్యోతిరాణి వచ్చింది. ఎడమ సంక మీద మణి. మణి ఒళ్లో చుట్టిన పటం, తల్లి రొమ్ముకు గుచ్చుకుంటూ.

“ఈ పాపేనా?” అడిగింది శ్యామలమ్మ. “గద్దె ఎక్కేది ఈమేనా?”

“అవు మేడం. గా దారి ఆమె కోసమే.” సుమన రాతి ఏటవాలును చూపింది. ఒకప్పుడు చెరకు బండ్లు కాంటా ఎక్కిన దారి. కుడివైపు రెండు గుంజలు పాతి, కమ్మీకి బదులు తాడు కట్టి ఉంది.

“అమ్మా, దింపు,” అంది మణి.

జ్యోతిరాణి చెయ్యి సడలలేదు. “రాయి గుచ్చుకుంటది బిడ్డా. ఇంకో దినం ఎక్కుదువు.”

“దింపమ్మా.”

అక్తరున్నీసా ముందుకు వచ్చింది. చేతిలో గోనె ముక్క. రాతి మీద పరిచి, జ్యోతిరాణి కళ్లలోకి చూస్తూ అంది. “కూసోవెట్టు. పొడిగనే ఉన్నది.”

జ్యోతిరాణి దింపింది. పటం పక్కన పెట్టింది.

మణి కుడిచేత్తో తాడు పట్టుకుంది. ఒంటిని లాగింది. మణికట్టు మడతపడింది. గోనెతో పాటు కిందికి జారి వచ్చింది.

“ఏం గాదు, మల్ల,” అంది సుమన.

రెండోసారి సగం జానెడు ఎక్కి జారింది. మోచెయ్యి రాతికి గీసుకుంది. అల్మాస్, హస్సాన్ ఆట ఆపి వచ్చి నిలబడ్డారు. శ్యామలమ్మ కళ్లజోడు సవరించుకుని, “కష్టమేమోనమ్మా. ఆమెను ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెట్టాల్సిందే,” అంది.

ఎవరో ఒకరు. నెల నుంచీ జ్యోతిరాణి వినాలనుకున్న మాట అది. సుమన తాడు బిగించింది, విప్పింది, మళ్లీ బిగించింది. తప్పు ఎక్కడుందో ఆమెకు దొరకడం లేదు.

మణి తల్లి వంక చూడలేదు. సాయం అడగలేదు. పెదవి కొరుక్కుని మూడోసారి కుడిచెయ్యే చాపింది. చిన్నమ్మ అట్లా గీసింది కాబట్టి, అట్లాగే ఎక్కాలి.

“తాడు ఎడమ దిక్కు కట్టు,” అంది జ్యోతిరాణి.

సుమన తిరిగి చూసింది.

“ఎడమ దిక్కు కట్టు అంటున్న. దాని కుడిచెయ్యి బరువాపదు. మణికట్టు మల్లుతది.”

“నీకు ఎరుకనా అక్కా?”

“ఎరుకే.”

“ఎప్పటిసంది?”

“నువ్వు గీత గీసినప్పటిసంది.”

సుమన వంగి గుంజలు పెరికింది. పెరుకుతుంటే ముగ్గుపిండి చెంపల మీద పడింది. తుడుచుకోలేదు. అవతలి వైపు గుంజలు పాతి తాడు కట్టింది. గుంజ పట్టుకుని నిలబడింది మాత్రం జ్యోతిరాణే.

మణి ఎడమచేత్తో పట్టింది. లాగింది. ఒక జానెడు. ఇంకో జానెడు. హస్సాన్ “చల్, చల్, చల్!” అని కేకలు మొదలుపెట్టాడు. బండి ఎద్దుల్ని అదిలించినట్టు ఉందని ఎవరో నవ్వారు. మణి కూడా నవ్వుతూనే ఎక్కింది. చివరి లాగుకు గద్దె మీద బోర్లా పడి, పక్కకు దొర్లి, లేచి కూర్చుంది.

కింద నిలబడ్డ వాళ్లందరినీ ఒక్కసారి చూసుకుంది. తల్లి దగ్గర ఆగింది.

“అమ్మా! నీ నడినెత్తి మీద తెల్లెంటుకలున్నయే!”

అందరూ నవ్వారు. జ్యోతిరాణి చెయ్యి తన నెత్తి మీదికి పోయింది. సంక మీద ఉన్న పిల్లకు ఇన్నేళ్లూ కనిపించనిది అది.

“దిగు ఇగ. రా,” అని ఎడమ సంక ఒంచి చేతులు చాపింది.

“ఇప్పుడే రాను. కొంచెంసేపుంట.” మణి అప్పటికే అల్మాస్‌ను పైకి పిలుస్తోంది.

జ్యోతిరాణి చేతులు అట్లాగే కొంతసేపు గాలిలో ఉన్నాయి.

“బాగుందమ్మా. నాకు నచ్చింది,” అంది శ్యామలమ్మ. “ఇయ్యాల ఫైలులో పెట్టడానికి ఆ పటం ఇయ్యి.”

సుమన పటం తీసి ఇచ్చింది. శ్యామలమ్మ విప్పింది. మరకను చూసి ఉలిక్కిపడింది. “ఇదేంది?”

అక్తరున్నీసా గోనె దులుపుతూ ఆగింది.

“ఆకు నీళ్లు వడ్డయి మేడం,” అంది సుమన, అక్క వంక చూడకుండా. “ఇంట్ల పొరపాటయ్యింది.”

పొరపాటు. చెల్లెలు ఆ మాటను కూడా దానం ఇచ్చింది. జ్యోతిరాణికి చెంప మీద కొట్టినా ఇంత తగిలేది కాదు.

“పర్లేదు, మీ ముగ్గును ఫోటోలు తీసి పెడతా,” అంటూ శ్యామలమ్మ పటాన్ని గద్దె అంచు మీద పరిచింది. “పాపం, పిల్లల చేతులన్నీ కారిపోయాయి. ఇదిగో, ఈ మూలన ఒక్కటి మాత్రం చెక్కుచెదరలేదు. అన్నీ కుడిచేతులు, ఇదొక్కటే ఎడమది. ఎవరిదమ్మా?”

“నాదే,” అంది మణి.

సుమన ఆ ముద్ర వంక చూస్తూ ఉండిపోయింది. ఎడమచెయ్యి. మూడు నెలలు తన కళ్ల ముందే ఉన్న ఎడమచెయ్యి.

మణి గద్దె మీద జరుగుతూ అంచు దాకా వచ్చి పటం మీదికి వంగింది. ఆ మూలన ఒక మడత గీత ఉంది, వేలితో నొక్కి తీర్చినంత తిన్నగా. ముద్ర మొత్తం ఆ గీతకు ఇవతలే ఉంది. పిల్ల ఆ గీత వెంట వేలు పోనిచ్చింది. నవ్వు మెల్లగా పోయింది.

“అమ్మా,” అని పిలిచింది పై నుంచి. “కరెంటు లేదంటివి గద. చీకట్ల నా చెయ్యి ఒక్కటే తడవకుంట ఎట్ల మలిసినవ్?”

పైకి ఎక్కబోతున్న అల్మాస్ అడుగులు ఆగాయి. సుమన తలెత్తింది.

సంక మీద బరువు లేకున్నా, జ్యోతిరాణి ఎడమకు ఒరిగే నిలబడి ఉంది.